సీసా మీద పేరు చూసి రంగు కొనకండి

వార్‌గేమ్ (బల్ల మీద సైనికుల బొమ్మలతో ఆడే యుద్ధాల ఆట) బొమ్మలకు రంగులేసేవాళ్ల మధ్య ఎప్పటికీ తెగని పంచాయితీ ఒకటుంది. "నెపోలియన్ కాలం ఫ్రెంచ్ సిపాయి కోటుకి సరైన నీలం ఏది?" అని ఒకరు అడుగుతారు. అరగంట తిరక్కుండా పదిహేను మంది పదిహేను సీసాల పేర్లు, నంబర్లతో సహా చెప్పేస్తారు. అడిగినాయన అందులో నాలుగు కొనుక్కుంటాడు. బొమ్మ సైజెంత, ప్రైమర్ (అన్నిటికంటే ముందు వేసే అడుగుపూత) ఏ రంగు, పైన వాష్ (పల్లాల్లోకి దిగి నీడలా కనిపించే పలచటి రంగు) పూస్తారా, కోటు పక్కన బెల్టులు ఏ రంగులో ఉంటాయి అని మాత్రం ఒక్కరూ అడగరు. అవి తెలియకుండా సీసా పేరు చెప్పడమంటే పాదం కొలవకుండా చెప్పులు కుట్టడమే.

నా గోల ఒక్కటే. బల్ల మీద నిలబెట్టే బొమ్మకి ముందు చూసుకోవాల్సింది ముదురు-లేత తేడా. అది కుదిరితే నీలం కాస్త అటూ ఇటూ అయినా ఎవరికీ పట్టదు. కుదరకపోతే మ్యూజియంలోని అసలు కోటు పక్కన పెట్టి పోల్చుకుంటూ వేసినా బొమ్మ బొగ్గుముక్కలాగే ఉంటుంది.

28 మి.మీ. ఎత్తు బొమ్మని ఓసారి కళ్ల దగ్గర పెట్టుకుని చూడండి. తల పెసరగింజంత. ఛాతీ మీద అడ్డంగా పోయే బెల్టు వెడల్పు ఒక మిల్లీమీటరు, కాకపోతే ఇంకాస్త. ఆటలో దాన్ని చూసేది దాదాపు మీటరు దూరం నుంచి, అదీ పైనుంచి. అంత దూరంలో రెండు ముదురు రంగులు పక్కపక్కన ఉంటే ఏది నీలం, ఏది పచ్చ అన్నది తర్వాతి మాట, రెండూ కలిసి ఒకటే ముద్ద. పైగా నిజం మనిషి కోటు మడతల్లో పడేంత నీడ ఇంత చిన్న బొమ్మ మీద పడదు. ఆ నీడా, ఆ మెరుపూ మనమే కుంచెతో పెట్టాలి. అందుకని అసలు రంగు ఎప్పుడూ మధ్యస్థంగా ఉండాలి. దానికంటే ముదురుకి, దానికంటే లేతకి చోటు మిగలాలి.

ప్రష్యన్ సిపాయినే తీసుకోండి (ప్రష్యా అంటే పాత జర్మన్ రాజ్యం). వయెహో కంపెనీ మోడల్ కలర్ వరసలో 70.899 నంబరు సీసా పేరు డార్క్ ప్రష్యన్ బ్లూ. పేరులోనే ప్రష్యా ఉంది కదా అని నల్ల ప్రైమర్ మీద నేరుగా అదే పూసి, పైన నల్ల వాష్ పోస్తారు. తీరా చూస్తే కోటు నలుపు, టోపీ నలుపు, బూట్లు నలుపు. తప్పు సీసాది కాదు, దాన్ని పెట్టిన చోటుది. ఆ రంగు మడతల లోపలికి, బెల్టు కింద అంచుకి బ్రహ్మాండంగా పనికొస్తుంది. పైకి కనిపించే భాగానికి దానికంటే ఒక మెట్టు లేత నీలం కావాలి. 28 మి.మీ.కి ఒక మెట్టు, 15 మి.మీ.కి రెండు మెట్లు అనుకోండి. 6 మి.మీ. బొమ్మలకైతే మొహమాటపడకుండా బాగా లేత నీలం వేసి ఒక్క వాష్‌తో వదిలేయండి. బొమ్మ ఎంత చిన్నదైతే రంగు అంత లేతగా, అంత ఘాటుగా ఉండాలి.

అనుమానం ఉంటే ఫోన్‌తో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. కోటు, ప్యాంటు, మొహం, బెల్టు ఒకే బూడిద రంగులో కనిపిస్తే ఇంకో నీలం కొన్నా లాభం లేదు. ఏదో ఒకదాన్ని ముదురు చేయాలి, ఇంకోదాన్ని లేత చేయాలి. అర నిమిషం పని. దీన్ని పది బొమ్మలు అయ్యాక కాదు, మొదటి బొమ్మ మీదే చేయాలి.

ఇక చరిత్ర పేరుతో జరిగే యుద్ధాలు. "అసలైన ఛాయ" అని ఒకటుందని ఎవరు చెప్పారో గానీ! ప్రష్యన్ బ్లూ అనే పిగ్మెంటు 1700ల మొదట్లో బెర్లిన్‌లో పుట్టింది నిజమే. ప్రష్యన్ కోట్లకి అద్దకం వేసింది మాత్రం ప్రధానంగా నీలిమందుతో. అద్దకం అద్దకానికీ ఛాయ మారుతుంది, ఎండావానల్లో ఆర్నెల్లు నడిచాక మళ్లీ మారుతుంది. బ్రిటిష్ ఎర్రకోట్లు ఇంకా ముచ్చట. మామూలు సిపాయిల కోట్లకి మాడర్ వేరుతో తీసిన ఎరుపు, అంటే మన మంజిష్ఠకి యూరప్ చుట్టం. అధికారుల కోట్లకి కోచినీల్ పురుగు నుంచి తీసిన ఖరీదైన స్కార్లెట్. ఒకే రెజిమెంటులో రెండు ఎరుపులు! ఇది బొమ్మల మీద చూపిస్తే ఎంత బాగుంటుందో. సిపాయిలకి ఇటుక వైపు మొగ్గిన ఎరుపు వేసి, ఆఫీసర్‌కి భగ్గుమనే స్కార్లెట్ వేయండి, బల్ల అవతలి నుంచి కూడా ఆఫీసర్ ఎవరో తెలిసిపోతుంది. ఈ సంగతి వదిలేసి సీసా నంబర్ల మీద కొట్టుకుంటారు.

జర్మన్ ట్యాంకుల డార్క్ యెల్లో సంగతీ అంతే. 1943 ఫిబ్రవరి నుంచి అదే మూల రంగు. దాని మీద మచ్చలు వేయడానికి ఆకుపచ్చ, జేగురు గోధుమ రంగులు ముద్దగా డబ్బాల్లో వచ్చేవి. వాటిని పెట్రోలుతోనో నీళ్లతోనో పలచన చేసి యూనిట్లలోనే కొట్టుకునేవారు. ఎంత పలచన చేస్తే అంత ఛాయ. దానికి "కరెక్ట్" సీసా ఎక్కడ దొరుకుతుంది? కానీ 1940 ఫ్రాన్స్ యుద్ధం ఆడుతూ డార్క్ యెల్లో ట్యాంకు దించితే మాత్రం గొడవ పడొచ్చు. అప్పట్లో అవి ఎక్కువగా ముదురు బూడిద రంగువి. బ్రిటిష్ ట్యాంకులూ గోధుమ రంగు నుంచి ఆలివ్ డ్రాబ్‌కి (మందమైన ఆకుపచ్చకి) మారింది 1944లో. ఛాయ మీద కొట్టుకోవడం దండగ, కాలం మీద కొట్టుకుంటే అర్థముంది.

అన్నిటికంటే ఎక్కువ మంది బోర్లాపడేది ఖాకీ సైన్యాల దగ్గర. రెండో ప్రపంచయుద్ధం బ్రిటిష్ పదాతిదళం చూడండి. యూనిఫాం గోధుమ, బెల్టులు సంచులు ఖాకీ, తుపాకి చెక్క గోధుమ, బూట్లు ముదురు, బేస్ మీద మట్టీ గోధుమే. పుస్తకంలో ఉన్నట్టే వేసి, మొత్తానికి ఒక గోధుమ రంగు వాష్ పోస్తే నిలబడ్డ మట్టిబెడ్డ తయారవుతుంది. దీనికి ఏడు గోధుమ రంగు సీసాలు అక్కర్లేదు, మూడు చాలు. కాకపోతే మూడింటి మధ్య మెట్టు స్పష్టంగా ఉండాలి. యూనిఫాం మధ్యస్థం. బెల్టులు దానికంటే రెండు మెట్లు లేత, కాస్త ఆకుపచ్చ వైపో గంధం వైపో మొగ్గినవి. తుపాకి చెక్క కొంచెం ఎరుపు కలిసిన గోధుమ. మొహం నిజంలో ఉండేదానికంటే ప్రకాశంగా ఉండాలి. చామనచాయ అయినా, నల్లని ఛాయ అయినా ముక్కు, చెంపలు, గడ్డం మీద ఒక్కో చుక్క లేత రంగు పడాలి, ఎందుకంటే చూసేవాడి కన్ను ముందు పోయేది అక్కడికే.

మరి బేస్? దాన్ని చివర్లో, ఓపిక అయిపోయాక, ఏదో ఒక పచ్చగడ్డి పొడి చల్లి ముగించేస్తారు. పైనుంచి చూసినప్పుడు 25 మి.మీ. బేస్ బొమ్మంత చోటు ఆక్రమిస్తుందని గుర్తుండదు. పచ్చ యూనిఫాం కింద పచ్చగడ్డి పెడితే అసలు యుద్ధంలో మంచిదే, బల్ల మీద బొమ్మ మాయం. యూనిఫాం రంగు తేల్చేముందే బేస్ తేల్చుకోండి. ముదురు సైన్యానికి ఎండిన గడ్డి, ఇసుక లాంటి లేత నేల, లేత సైన్యానికి తడి మట్టి. అంచు చుట్టూ ఒకే రంగు. ఎంత అస్తవ్యస్తమైన సైన్యమైనా బేసులన్నీ ఒకటే అయితే ఒక దళంలా కనిపిస్తుంది.

ప్రైమర్ గురించి ఒక ముక్క. పసుపు, ఎరుపు సీసాల్లో ఉండే పిగ్మెంట్లు చాలావరకు పారదర్శకం, కింద ఉన్నది కప్పవు. నల్ల ప్రైమర్ మీద పసుపు వేస్తే ఐదు పూతలయ్యాక కూడా పాచిపట్టినట్టే ఉంటుంది, ఈలోపు గుండీలు, మడతలు పూడుకుపోతాయి. పసుపు కింద ముందు ఓకర్ (మట్టి పసుపు) గానీ లేత గులాబీ గానీ ఒక పూత వేయండి. పసుపు రెండు పూతల్లో కూర్చుంటుంది. ఎరుపు కింద జేగురు. తెలుపుకి తెల్ల సీసాతో మొదలుపెట్టడమే తప్పు. లేత బూడిదతోనో ఎముక రంగుతోనో మొదలుపెట్టి, తెలుపుని ఉబ్బెత్తుల మీద మాత్రమే వేయాలి, లేకపోతే ఇంకా పైకి వెళ్లడానికి మెట్టే ఉండదు. నీడకోసం పసుపులో నలుపు కలిపారో, అది ఆకుపచ్చ అవుతుంది. బదులుగా గోధుమ కలపండి. ఎరుపుని వెలిగించడానికి తెలుపు కలిపితే గులాబీ అవుతుంది. కనకాంబరం రంగు కలపండి. ఏ ప్రైమర్ అని తేల్చుకోలేకపోతే బూడిద రంగు తీసుకోండి. ముదురుకీ లేతకీ రెండింటికీ సర్దుకుంటుంది. స్ప్రే 20–30 సెం.మీ. దూరం నుంచి కొట్టండి, గాలిలో తేమ ఎక్కువున్న రోజు మానుకోండి. గరుకుగా పడిందంటే ఆ పైన ఎంత మంచి రంగైనా సుద్దలా ఉంటుంది.

ఒక్క పూతలో నీడా వెలుగూ వచ్చే కాంట్రాస్ట్ తరహా రంగులకి ఇదే సూత్రం రెండింతలు. అవి కప్పవు, కింద ఉన్నదానికి రంగు పట్టిస్తాయి. తెల్ల ప్రైమర్ మీద ఒక రంగు, ఎముక రంగు ప్రైమర్ మీద ఇంకో రంగు. మూత చూసి కొనేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. వీటిలో కొన్ని ఆరాక కూడా పైన తడి కుంచె తగిలితే మళ్లీ కరిగి పైకి వస్తాయి. ముందు ఒక పాత బొమ్మ మీద వేసి, మర్నాడు తడి తెలుపుతో రుద్ది చూడండి.

రంగు సీసాలో ఉన్నప్పుడు చూసి నిర్ణయించొద్దు, తడిగా ఉన్నప్పుడూ వద్దు. ఆక్రిలిక్ రంగులోని జిగురు తడిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా ఉంటుంది, ఆరితే పారదర్శకమవుతుంది. అందుకే ఆరాక రంగు ఒక పిసరు ముదురుతుంది. ఆపైన మ్యాట్ వార్నిష్ కొడితే ముదురు రంగులు మళ్లీ కాస్త వెలిసినట్టవుతాయి. అన్నీ అయ్యాక కనిపించేదే అసలు రంగు. చూసే బల్బు కూడా ముఖ్యం. పసుపు బల్బు కింద నీలం చచ్చిపోతుంది. 5000 కెల్విన్ దగ్గర్లో (పగటి వెలుగులాంటి తెలుపు), సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 దాటిన దీపం పెట్టుకోండి.

కలిపిన రంగులతో అరవై మందిని వేద్దామనుకుంటే ఆగండి. ప్యాలెట్ మీద కంటితో కలిపిన నీలం రేపు మళ్లీ రాదు. కలపక తప్పకపోతే ఖాళీ డ్రాపర్ సీసాలో చుక్కలు లెక్కపెట్టి, మొత్తం సైన్యానికి సరిపడా ఒకేసారి కలపండి. కార్డు మీద ఆ లెక్క రాసి, పక్కన ఒక చుక్క పూసి ఆరనివ్వండి. పేరు మాత్రమే రాసుకుంటే చాలదు. సిటడెల్ అనే రంగుల బ్రాండు 2012లో తన వరసంతా మార్చేసినప్పుడు, పేరు రాసుకున్నవాళ్ల దగ్గర ఏమీ మిగల్లేదు, చుక్క పూసుకున్నవాళ్లు దానికి దగ్గరి రంగు వెతుక్కోగలిగారు. అప్పుడు పోయిన డెవ్లన్ మడ్ వాష్ కోసం ఏడ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

మరి ఆ ఫ్రెంచ్ కోటు? 28 మి.మీ., బూడిద ప్రైమర్ అయితే ఇలా. మొత్తం కోటుకి 899 (పైన చెప్పిన డార్క్ ప్రష్యన్ బ్లూ) పలచగా రెండు పూతలు, పాలంత పలచన. ఆరాక, రెండు చుక్కల 899కి ఒక చుక్క మామూలు నీలం కలిపి, మడతల లోపల వదిలేసి మిగతాదంతా. దానికే ఒక చుక్క లేత బూడిద నీలం చేర్చి భుజాలు, మోచేతులు, చేతిపట్టీల అంచుల మీద మాత్రం గీతలు. ఛాతీ మీది తెల్ల ల్యాపెల్స్‌కి (కోటు ముందువైపు మడతపట్టీలకి) లేత బూడిద, దాని చుట్టూ వెంట్రుకంత 899 అంచు వదిలి లోపల తెలుపు. ఆ సన్నటి ముదురు గీత మీద చేయి వణికినా పర్వాలేదు, తప్పిపోతే అదే 899తో దిద్దుకోవచ్చు. ఒక్కటి మాత్రం చేయకండి. ఇంత చేశాక మొత్తం బొమ్మ మీద గోధుమ వాష్ కుమ్మరించకండి. తెల్ల బెల్టులకి బాగానే ఉంటుంది, నీలం మాత్రం బురదలో దొర్లినట్టవుతుంది. వాష్ కావాలంటే కుంచె మొనతో బెల్టుల కింద, మొహం మీద మాత్రమే.