టాక్సీ డ్రైవరూ బస్సు డ్రైవరూ

లండన్‌లో బ్లాక్ క్యాబ్ నడపాలంటే ‘నాలెడ్జ్’ అనే పరీక్ష గట్టెక్కాలి. నగరం నడిబొడ్డునున్న ఛేరింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్ల పరిధిలో దాదాపు 25,000 వీధులు నోటికి రావాలి. సాధారణంగా మూడు నాలుగేళ్లు పడుతుంది. దారులు గుర్తుపెట్టుకోవడంలో కీలకమైన, మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగం వెనకవైపు ఈ డ్రైవర్లలో పెద్దదిగా ఉందని 2000లో న్యూరోసైంటిస్ట్ ఎలినార్ మగ్వైర్ బృందం స్కాన్లు తీసి చెప్పింది. ఇది చాలామంది విన్నదే.

అదే బృందం 2006లో బస్సు డ్రైవర్లతో చేసిన పోలిక గురించి మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడరు. అదే నగరం, అదే ట్రాఫిక్, అదే టెన్షన్. అయినా ఆ తేడా టాక్సీవాళ్లలోనే కనిపించింది. బస్సుకు రూటు ముందే ఖరారై ఉంటుంది మరి. బస్సు నడపడం తేలికని కాదు. అందులో దారి వెతుక్కునే పని లేదు, అంతే. పైగా టాక్సీవాళ్లకూ ఈ లాభం ఊరికే రాలేదు: కొన్నిరకాల కొత్త విషయాలు గుర్తుపెట్టుకోవడంలో వాళ్లే వెనకబడ్డారు.

పనిలో ఉంటే బుర్ర చురుగ్గా ఉంటుందనే మాట అందుకే నాకు సగమే నిజమనిపిస్తుంది. ఆ పనిలో తేల్చుకోవాల్సింది ఎంత మిగిలిందో కూడా చూడాలి. సర్వీసు ఏళ్లు లెక్కపెడితే అది తెలియదు.

2009 జూన్ 1న రియో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447లో వేగం కొలిచే గొట్టాలకు మంచు అడ్డుపడి ఆటోపైలట్ ఆగిపోయింది. విమానం స్టాల్ అయిందని, అంటే రెక్కలకు గాలిలో నిలిపే బలం తగ్గిపోయిందని, సిబ్బంది గుర్తించలేకపోయారు. 228 మంది చనిపోయారు. కారణాలు చాలానే ఉన్నా, అంత ఎత్తులో చేత్తో నడిపే శిక్షణ వాళ్లకు లేకపోవడం వాటిలో ఒకటి. యంత్రం తేలిక పని తాను తీసుకుని, కష్టమైనదాన్ని అలవాటు తప్పిన మనిషి మీద పడేస్తుందని మనస్తత్వవేత్త లిసాన్ బైన్‌బ్రిడ్జ్ 1983లోనే హెచ్చరించారు.

ఇప్పుడు ఆ వంతు ఆఫీసులకూ ఆస్పత్రులకూ వచ్చింది. పోలండ్‌లో కొలనోస్కోపీకి (పెద్దపేగును కెమెరాతో చూసే పరీక్షకు) ఏఐ సాయం అలవాటయ్యాక, అది లేకుండా చేసిన పరీక్షల్లో అడినోమాలు (క్యాన్సర్‌గా మారే అవకాశమున్న గడ్డలు) కనిపెట్టే రేటు 28.4 శాతం నుంచి 22.4 శాతానికి పడిపోయిందని 2025లో ఒక అధ్యయనం తెలిపింది. ఒక్క అధ్యయనంతో తీర్పు చెప్పలేం, కానీ పక్కన పెట్టేయలేం కూడా.

పోయిన పదును సాయంత్రం బ్రెయిన్ గేమ్స్‌తో తిరిగొస్తుందా? వాటితో ప్రధానంగా మెరుగుపడేది ఆ ఆటలోని నేర్పే. అతిగా చెప్పుకున్నందుకు బ్రెయిన్ గేమ్స్ అమ్మే లూమోసిటీ 2016లో 20 లక్షల డాలర్లు కట్టి అమెరికా ప్రభుత్వ సంస్థతో కేసు తెంచుకోవాల్సి వచ్చింది.

సాధన పనివేళల్లోనే జరగాలి. పైలట్లకు సిమ్యులేటర్ గంటలు డ్యూటీలో భాగమే కదా! ఆఫీసుల్లోనూ ముందు జూనియర్ రాసి తర్వాత ఏఐతో సరిచూసుకునే పద్ధతి పెట్టొచ్చు. ఆ రోజుకు పని ఆలస్యమవుతుంది, నిజమే. ఆ ఆలస్యాన్ని శిక్షణ ఖర్చు కింద రాసుకోవాల్సింది కంపెనీయే. జూనియర్ నిద్రలోంచి కోయడం కాదు.