హంసన్నా, నీ ముక్కు మీద స్టిక్కర్ గురించి

హంసన్నకు నమస్తే,

నువ్వు నన్ను గుర్తుపట్టవు గానీ నేను మూడు నెలల సంది నిన్ను రోజూ చూస్తున్న. అమీర్‌పేటల మైత్రీవనం దగ్గర సందుల, మూడో అంతస్తు, మా సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్ రిసెప్షన్ వెనక గోడకు పెద్ద సరస్వతమ్మ ఫోటో ఉంటది చూడు, చుట్టూ సీరియల్ లైట్లు, అమ్మది తెల్ల చీరే గానీ ఆ లైట్లకు ఒకసారి గులాబీ ఒకసారి పచ్చ అయితుంటది. ఆ ఫోటోల అమ్మ కాళ్ల కాడ మూలకు నువ్వు. మెడ దాకనే కనిపిస్తవ్, ఎందుకంటే నీ ముక్కు మీద వాళ్లు ఫీజు కట్టే క్యూఆర్ కోడ్ అంటించిన్రు.

మొత్తం ఫోటోల ఇంక జాగ దొరకలేదా అని నాకు మొదటి రోజే డౌట్ వచ్చింది. పాలల్ల నీళ్లు కలిపి పెడితే పాలు తాగి నీళ్లు వదిలేస్తవట గదా నువ్వు, మా తాత చెప్పేటోడు, అందుకే చదువులమ్మకు నిన్ను వాహనంగ పెట్టిన్రు, చదువంటే ఏది అసలు ఏది కల్తీ తెలుసుకునుడే అని. ఆ తెలుసుకునే ముక్కునే మూసిపెట్టిన్రు.

ఎందుకు మూసిన్రో రెండో నెలల సమజైంది. నాకు రెజ్యూమె తయారు చేసిచ్చిన్రు. దాంట్ల పాలు ఎంతంటే బీటెక్, ఇంక ఈ రెండు నెలల కోర్సు. నీళ్లు ఎంతంటే మూడేండ్ల ఎక్స్‌పీరియన్స్, ఒక బ్యాంకింగ్ ప్రాజెక్టు, నేను ఎన్నడూ చూడని ఒక టీమ్ లీడు. కింద చాయ్ బండి అన్న కూడ పాలల్ల నీళ్లు పోస్తడు గానీ ఆయన మన కండ్ల ముందే పోస్తడు, పైసలు కూడ పదిహేనే.

రిసెప్షన్ల వెయిట్ చేసుడు తప్ప పనేముంటది, గందుకే ఆ ఫోటో మస్తు సార్లు చూసిన. నాలుగు చేతులు, రెండింటితోని వీణ వాయిస్తది, ఒకదాంట్ల పుస్తకం, ఒకదాంట్ల జపమాల. ప్రతి వసంత పంచమికి ఫ్యామిలీ గ్రూపుల వీటి అర్థాలు ఫార్వర్డ్ వస్తయి, వీణ అంటే కళ, పుస్తకం అంటే జ్ఞానం, మాల అంటే ఏకాగ్రత అని. మా సెంటరోళ్లు వీటిల్ల మాల ఒక్కటే సీరియస్‌గ తీసుకున్నరు అన్నా. మూడు వందల ఇంటర్వ్యూ ప్రశ్నలు, పొద్దున ఒక మాల, రాత్రి ఒక మాల, ఇన్‌హెరిటెన్స్ అంటే ఏంది ఇన్‌హెరిటెన్స్ అంటే ఏంది అని ఎస్ఆర్ నగర్ హాస్టల్ల నిద్రల కూడ తిప్పుతున్న. పుస్తకం అంటే స్పైరల్ బైండింగ్ జిరాక్స్, ముందు బ్యాచోని పెన్సిల్ గీతలతోని సహా. వీణ సంగతి అడగకు.

నాది నిజామాబాద్ పక్కన ఊరు. అక్షరాభ్యాసం బాసరలనే అయింది, గోదావరి ఒడ్డుకు. వ్యాసుడు మూడు గుప్పిళ్ల ఇసుకతోని సరస్వతి, లక్ష్మి, కాళి అమ్మవార్లను చేసిండని చెప్తరక్కడ, అమ్మ మీది పసుపు ఇంత నోట్లె వేసుకుంటే తెలివి వస్తదంటరు. మా అమ్మ నాకు జర ఎక్కువే పెట్టిందట. ఆ పసుపు తిన్న నోటితోనే మొన్న మాక్ ఇంటర్వ్యూల "త్రీ ఇయర్స్ సార్" అన్న.

గొంతుల అడ్డం పడ్డది. ఆ కోపమంతా నీ మీదికి మళ్లింది, నీ సంగతేందో చూద్దమని హాస్టల్ల కూర్చొని నీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ నేనే చేసిన.

మథురల కంకాళీ టీలా కాడ ఒక జైన సరస్వతి విగ్రహం దొరికింది, క్రీ.శ. 132 నాటిదంటరు, ఇప్పుడు లక్నో మ్యూజియంల ఉన్నది. తల పోయింది గానీ చేతిల పుస్తకం ఉన్నది. వీణ లేదు. నువ్వూ లేవు. అంటే నువ్వు మొదటి సంది ఉన్న పర్మనెంట్ ఎంప్లాయివి కాదు, తర్వాత జాయినైనోనివి. సరే, వీణ కూడ కొత్తదే లే, ఫోటోల ఉన్న ఆ ఇరవై నాలుగు మెట్ల మోడల్ 17వ శతాబ్దంల తంజావూరుల రఘునాథ నాయకుని కాలంల కుదిరిందట, దాన్ని వదిలేద్దం. 1896ల రవివర్మ వేసిన సరస్వతి చూసిన, పక్కన నెమలి! నిన్ను పనియ్యకుంట బెంచ్ మీద కూర్చోబెట్టిండన్నా.

ఇంక ఐడీ ప్రూఫ్ సంగతి. సంస్కృతంల హంస అంటే చానా కాడ అడవి బాతే అంటరు పండితులు, పాత గుళ్ల మీద చెక్కిన హంసలు కూడ పొట్టి మెడతోని అట్లనే ఉంటయి. తల మీద నల్ల చారలుండే ఒక జాతి బాతు ఉన్నది, హిమాలయాలు దాటుకుంట చలికాలం మన దిక్కు చెరువులకు వస్తది, పాపం నిజంగ కష్టపడే పక్షి. క్యాలెండర్ల మాత్రం పొడుగు మెడ, నారింజ రంగు ముక్కు, యూరప్ చెరువుల తెల్ల హంస. ఒకని పేరు మీద ఇంకొకడు కెమెరా ముందు కూర్చుంటే మా సందుల దాన్ని ప్రాక్సీ ఇంటర్వ్యూ అంటరు, దానికి రేటు వేరే.

పాలు నీళ్లు వేరు చేసుడు కూడ ఏ పక్షితోని అయ్యే పని కాదు. నీ రెజ్యూమెల ఉన్న ఒక్కగానొక్క స్కిల్ అది, రెండు వేల ఏండ్ల సంది ఎవ్వడూ డెమో అడగలె. నీకు ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఎవరిచ్చిన్రు అన్నా? మా సార్‌కు తెలుస్తే నీ ఫోటో "ప్లేస్డ్ క్యాండిడేట్స్" బోర్డు మీదికి ఎక్కిస్తడు.

తిడుదమని మొదలుపెట్టిన గానీ ఇదంతా చదివినంక నువ్వు మా బ్యాచోనివే అనిపించింది, నిజం చెప్తున్న. వచ్చే మంగళవారం నాకు అసలు ఇంటర్వ్యూ ఉన్నది. అవతల కూర్చునేటోడు పాలు నీళ్లు తెలిసినోడైతే ఖతం, ఇదే సందులకెల్లి పోయినోడైతే నవ్వి వదిలేస్తడు.

నిన్న రాత్రి రిసెప్షన్ల ఎవ్వరు లేనప్పుడు నీ ముక్కు మీది స్టిక్కర్ గోరుతోని పీకిన. సగమే వచ్చింది. ఇప్పుడు నీ ముక్కు కొస కనిపిస్తుంది, కోడ్ మాత్రం స్కాన్ అయితలేదు. పొద్దుగాల సంది ముగ్గురు ఫీజు కట్టకుంట వాపస్ పోయిన్రు, మేడమ్ కొత్తది ప్రింట్ తీస్తుంది, ఈసారి జర పెద్ద సైజుల.

ఇట్లు,
మూడేండ్ల ఎక్స్‌పీరియన్స్ ఉన్న ఫ్రెషర్