బ్యాక్టీరియాకు జీనోమ్ ఉంది, బెట్టకు లేదు

2025 మే 4న ఢిల్లీలో రెండు జన్యు సవరణ వరి రకాలు, అంటే మొక్క సొంత జన్యువునే కత్తిరించి మార్చినవి, విడుదలయ్యాయి. ఒకటి రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ తయారుచేసిన డీఆర్‌ఆర్ ధాన్ 100, అదే కమల. రెండోది ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ తెచ్చిన పూసా డీఎస్‌టీ రైస్ 1. రెండింటి పుట్టిల్లూ మనదే. కమలకు తల్లి బాపట్ల సాంబ మసూరి, బీపీటీ 5204. పూసాకు తల్లి మార్టేరు కాటన్‌దొర సన్నాలు, ఎంటీయూ 1010. ఆ రోజు నుంచి టీవీ చర్చల్లో, వాట్సాప్‌లో, ఎరువుల కొట్ల దగ్గర ఒకటే మాట: బెట్టకు నిలిచే వరి వచ్చేసింది.

రాలేదు. చౌడును తట్టుకుంటుందని చెబుతున్న వరి ఒకటి వచ్చింది, ఇరవై రోజులు ముందే కోతకొచ్చే వరి ఒకటి వచ్చింది. రెండూ పనికొచ్చేవే కావచ్చు. కానీ డీఎస్‌టీ అనే మూడక్షరాల్లో మొదటిది బెట్టను, రెండోది ఉప్పును సూచిస్తుంటే, విడుదల రోజు ప్రభుత్వం చెప్పిన దిగుబడి అంకెలు మాత్రం ఉప్పు, క్షార నేలలవే: 9.66 శాతం నుంచి 30.4 శాతం వరకు ఎక్కువ. నీళ్లు ఆపేసిన మడిలో ఎన్ని బస్తాలు పండిందో ఆ ప్రకటనలో లేదు. పేరు చూసి మోసపోవడానికి ఇంతకన్నా మంచి అవకాశం ఏముంటుంది?

ఆ జన్యువు సంగతి కాస్త దగ్గరగా చూద్దాం. డీఎస్‌టీ జన్యువు పాడైన వరి మొక్కను చైనా శాస్త్రవేత్తలు 2009లో వర్ణించారు. ఈ జన్యువు ఆకులో హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను శుభ్రం చేసే ఇతర జన్యువులను నడిపిస్తుంది. అది పనిచేయకపోతే పత్రరంధ్రాల కాపలా కణాల్లో పెరాక్సైడ్ పేరుకుంటుంది, రంధ్రాలు మూసుకుంటాయి. రంధ్రాల సంఖ్య కూడా తగ్గుతుంది. నీళ్లు నెమ్మదిగా ఆవిరవుతాయి. 2013లో ఇంకో ముడి విప్పారు: ఇదే డీఎస్‌టీ, సీకేఎక్స్2 అనే జన్యువును కూడా నడిపిస్తుంది. సైటోకైనిన్ హార్మోన్‌ను విరగ్గొట్టే ఎంజైము ఆ సీకేఎక్స్2దే. దాన్ని ఆపితే హార్మోన్ నిలుస్తుంది, వెన్నులో గింజలు పెరుగుతాయి. కమలలో కత్తిరించింది సరిగ్గా ఈ సీకేఎక్స్2నే. అంటే ఢిల్లీ వాళ్లు ఎగువన, హైదరాబాద్ వాళ్లు దిగువన, ఒకే కాలువకు గండి కొట్టారన్నమాట. ఒకదానికి బెట్ట వరి అని, ఇంకోదానికి దిగుబడి వరి అని పేరు పెట్టడంలోని తమాషా ఎవరూ గమనించినట్టు లేదు.

ఎంటీయూ 1010లో డీఎస్‌టీని కత్తిరించిన ఢిల్లీ బృందం 2020లో తన ఫలితాలు ప్రచురించింది. జన్యువులో 366 డీఎన్ఏ అక్షరాలు ఎగిరిపోయాయి, ఆకులు వెడల్పయ్యాయి, పత్రరంధ్రాలు తగ్గాయి. ఉప్పుకు నారు దశలో బాగా తట్టుకుంది. నీటి ఎద్దడిని అనుకరించే ద్రావణంలో పెడితే ఓ మోస్తరుగా తట్టుకుంది. వాళ్లు నిజాయితీగానే రాశారు, ‘మోస్తరు’ అనే అన్నారు. ఆ మోస్తరు కాస్తా ఊరి రచ్చబండ దాకా వచ్చేసరికి అసలు నీళ్లే అక్కర్లేని వరి అయిపోయింది.

నారు దశలో తట్టుకోవడానికీ, గింజ నిండటానికీ మధ్య బోలెడంత దూరం ఉంది. వరికి నీళ్లు అందకపోతే అన్నిటికన్నా దెబ్బ తగిలేది పొట్ట దశలో. వెన్ను బయటికి రావడానికి పది పన్నెండు రోజుల ముందు పుప్పొడి తయారవుతుంటుంది. అప్పుడు ఎండితే పుప్పొడి గొడ్డుపోతుంది, తర్వాత ఎంత తడిపెట్టినా తాలే. ఇంకొన్ని రోజులు ఆగి ఎండితే వెన్ను ఆకు తొడుగులోంచి పూర్తిగా బయటికి రాదు, అడుగు గింజలు లోపలే చిక్కుకుంటాయి. ఇక రంధ్రాలు మూసుకున్న ఆకుకు రెండు నష్టాలు. బొగ్గుపులుసు వాయువు లోపలికి రాదు కాబట్టి పిండిపదార్థం తయారీ పడిపోతుంది. చెమట పట్టని ఒళ్లులా ఆకు వేడెక్కుతుంది. పూత సమయంలో వెన్ను దగ్గర వేడి 35 డిగ్రీలు దాటితే గింజ కట్టడం తగ్గుతుందని తెలిసిందే. దాళ్వాలో ఏప్రిల్ ఎండకు పూతకొచ్చే వరికి రంధ్రాలు మూసుకోవడం వరమా, శాపమా? అది పొలంలోనే తేలాలి.

కుండీలో తేలదు. కుండీ ప్రయోగాలు ఎందుకు మోసం చేస్తాయో తోటమాలికి కూడా తెలుసు. అయిదు కిలోల మట్టి పట్టే కుండీ నాలుగు రోజుల్లో ఎండిపోతుంది, వేరుకు లోతుకు పోయే దారే లేదు. నల్లరేగడి మడి ఎండటానికి రెండు మూడు వారాలు పడుతుంది, లోతుకు దిగే వేరున్న రకం ఆ లోపల కింది తేమను పట్టుకుంటుంది. పైగా కుండీలో పెద్ద మొక్క ఎక్కువ నీళ్లు తాగి ముందు వాడుతుంది, చిన్న మొక్క పచ్చగా కనిపిస్తుంది. రంధ్రాలు తక్కువున్న మొక్కను పక్కపక్క కుండీల్లో పెట్టి ఫొటో తీస్తే ఎప్పుడూ అదే గెలుస్తుంది. మడిలో అది పొదుపు చేసిన నీరు దాని కోసం దాగి ఉండదు. కొంత పక్క దుబ్బు తాగుతుంది, కొంత నేల పగుళ్లలోంచి ఆవిరైపోతుంది.

మరి సరైన కొలత ఎలా ఉంటుంది? నాటిన నెల రోజులకు మడిలో నీళ్లు పూర్తిగా తీసేస్తారు. రంధ్రాలు పొడిచిన మీటరు పొడవు పీవీసీ గొట్టాలు పాతి, భూగర్భ నీరు ఎంత దిగిందో రోజూ చూస్తారు. 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతున నేల తేమను ఎంత గట్టిగా పట్టుకుందో కొలిచే టెన్షియోమీటర్లు పెడతారు. తేమ లాగుడు మైనస్ 50, మైనస్ 70 కిలోపాస్కల్స్‌కు చేరి, బెట్టకు తట్టుకోలేని పోలిక రకం ఆకులు పొద్దున్నే చుట్టుకుంటుంటే ఒక ప్రాణరక్షక తడి ఇస్తారు. మళ్లీ నీళ్లు తీసేస్తారు. పక్కనే నీళ్లు నిండుగా ఉన్న మడిలో అవే రకాలు. కోత తర్వాత రెండింటి తేడా చూస్తారు. దిగుబడి 30 శాతం లోపు పడితే అది బెట్ట కింద లెక్కకే రాదు, 65 శాతం దాటి పడితే తీవ్ర బెట్ట.

చెప్పినంత తేలిక కాదు. పక్క మడి నుంచి ఊట కారితే అంతా వృథా, అందుకే గట్టు పొడవునా ప్లాస్టిక్ షీటు లోతుగా దించాలి. ఖరీఫ్‌లో పెడితే ఒక్క వానకు ప్రయోగం తడిసిపోతుంది. ఎండాకాలంలో పెడితే బెట్టా వేడీ కలిసిపోయి దేని దెబ్బో తెలియదు. అన్నిటికన్నా పెద్ద ఉచ్చు పంటకాలం. 120 రోజుల రకాన్ని 145 రోజుల రకంతో ఒకే రోజు నాటి ఒకే రోజు నీళ్లు ఆపేస్తే, తొందరగా పూతకొచ్చేది తప్పించుకుంటుంది, ఆలస్యంగా వచ్చేది బలవుతుంది. అది తట్టుకోవడం కాదు, బస్సు రాకముందే రోడ్డు దాటేయడం. అందుకే నార్లు దఫాలుగా పోసి, పూత ఒకే వారంలో పడేట్టు చూడాలి.

కమల సంగతి ఇక్కడే అర్థమవుతుంది. సాంబ మసూరి కన్నా ఇరవై రోజులు ముందు, 130 రోజుల్లో వస్తుంది. రెండేళ్లు 25 చోట్ల వేసిన ప్రయోగాల్లో హెక్టారుకు సగటున 5.37 టన్నులు, సాంబ మసూరికి 4.5 టన్నులు అని ప్రకటించారు. కాలువ శివారున నవంబరులో నీళ్లు ఆగిపోయే రైతుకు ఆ ఇరవై రోజులు బంగారమే. ఆగస్టులో పిలక దశలోనే వానలు ముఖం చాటేస్తే మాత్రం కమల చేయగలిగిందేమీ లేదు.

ఇదేదో అసాధ్యమైన పని అడుగుతున్నానని అనుకోకండి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ (ఇర్రి) శాస్త్రవేత్తలు ఇలా నీళ్లు తీసేసిన మడుల్లో నేరుగా గింజ దిగుబడిని తూచి, 2007లో 12వ క్రోమోజోమ్ మీద బెట్టలో దిగుబడి నిలిపే ఒక బలమైన భాగాన్ని పట్టారు. పేరు క్యూడీటీవై 12.1. వందన, వే రారెం అనే రెండు రకాల సంకరంలోంచి దొరికింది. విశేషమేమిటంటే, మంచి చేసే ముక్క వచ్చింది బెట్టకు తట్టుకోలేని వే రారెం నుంచి! ఆకు పచ్చదనం చూసి, రంధ్రాలు లెక్కపెట్టి వెతికితే అది జన్మలో దొరికేది కాదు. ధాన్యం తూచారు కాబట్టి దొరికింది. తర్వాత లోపలికి వెళ్లి చూస్తే అందులో ఒక జన్యువు కాదు, ఒక గుంపే కలిసి పనిచేస్తోంది. హజారీబాగ్ కేంద్రంతో కలిసి ఇదే పద్ధతిలో ఎంపిక చేసిన సహభాగి ధాన్ 2010లో విడుదలైంది. దానికి ఏ కత్తెరా తగల్లేదు.

రాజేంద్రనగర్ వాళ్లకు కొలవడం రాదా? బ్రహ్మాండంగా వచ్చు. 2008లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీతో కలిసి తెచ్చిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరినే చూడండి. ఎండాకు తెగులుకు తట్టుకుంటుందని ఎలా తేల్చారు? మామూలు కత్తెరను బ్యాక్టీరియా కలిపిన నీళ్లలో ముంచి ఆకు కొనలు కత్తిరిస్తారు. రెండు వారాలకు స్కేలు పెట్టి ఎండిన మచ్చ ఎన్ని సెంటీమీటర్లో కొలుస్తారు. సందేహానికి తావులేదు. ఒక్క జన్యువు పెడితే బ్యాక్టీరియా రూపు మార్చుకుని దాటేస్తుందని ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 మూడూ పేర్చారు. ఆ శత్రువు జీనోమ్, అంటే దాని డీఎన్ఏ అంతా కలిపి, దాదాపు 50 లక్షల అక్షరాలు, మొత్తం చదివేశారు. అది వరి కణంలోకి పంపే ప్రొటీన్లు వరి డీఎన్ఏలో ఏ అక్షరాల మీద కూర్చుంటాయో 2009లోనే తెలిసిపోయింది. చక్కెర బయటికి పంపే స్వీట్11 జన్యువును తెరిపించి దోచుకుంటుంది. ఎక్స్ఏ13 ఉన్న మొక్కలో ఆ తాళం రంధ్రమే మారిపోయింది. తాళం ఒకటి, దొంగ ఒకడు. ఇలాంటి పోరుకు ఒకటి రెండు అక్షరాల సవరణ చక్కగా సరిపోతుంది. బెట్టకు జీనోమ్ లేదు. ఒక ఊళ్లో ఆగస్టులో వస్తుంది, ఇంకో ఊళ్లో అక్టోబరులో వస్తుంది. చల్కా నేలలో అయిదు రోజులకే కొరుకుతుంది, రేగడిలో ఇరవై రోజులు ఆగుతుంది. దానికి ఒకే తాళం వెతకడం దగ్గరే ఆలోచన గాడి తప్పింది.

జన్యు సవరణ అంటేనే వద్దనే వాళ్లున్నారు. 2022 మార్చిలో కేంద్రం ఇలాంటి సవరణలను జన్యు మార్పిడి (జీఎం) పంటల నిబంధనల నుంచి మినహాయించడాన్ని తప్పుబడతారు, అనుకోని చోట కోతలు పడతాయంటారు. నాకా భయం లేదు. కత్తెర జన్యువు తర్వాతి తరాల్లో వేరైపోయిన మొక్కలనే ఎంచుకుంటారు, జీనోమ్ చదివి అనవసర కోతలు పట్టొచ్చు. అయితే వాళ్లే 2025లో అఖిల భారత వరి ప్రయోగాల నివేదికలు తిరగేసి, ఈ రెండు రకాల అంకెలను ప్రశ్నించారు. భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) కొట్టిపారేసింది. కొట్టిపారేయడం ఎందుకు? మడివారీ అంకెలు బయట పెడితే వాదన సాయంత్రానికి ముగిసేది.

అసలు జబ్బు ఇక్కడుంది. 2023-24 బడ్జెట్‌లో పంటల జన్యు సవరణకు 500 కోట్లు ఇచ్చారు. కత్తెరలకు ఇప్పుడు కొదవ లేదు. కాస్9 అనే డీఎన్ఏను కోసే ప్రొటీన్ కత్తెర వచ్చింది స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా నుంచి. పేటెంట్లు విదేశాల్లో ఉన్నాయి. దానికి విరుగుడుగా కటక్ వరి సంస్థ శాస్త్రవేత్తలు రేడియేషన్‌కు కూడా చావని డైనోకాకస్ బ్యాక్టీరియాలోని టీఎన్‌పీబీ అనే బుల్లి కత్తెరను వరిలో నడిపించి, 2025లో భారత పేటెంట్ తెచ్చుకున్నారు. కాస్9లో 1,368 అమైనో ఆమ్లాలుంటే ఇందులో 408. శెభాష్! దానికీ ఒక పట్టింపుంది: కత్తిరించే చోటు పక్కన టీటీజీఏటీ అనే అయిదక్షరాలు ఉండాలి. లెక్క ప్రకారం అవి 1,024 అక్షరాలకోసారి తగులుతాయి. కాస్9 అడిగే రెండు జీలు పదహారుకోసారి. అది కూడా సర్దుకుంటుంది, ఎందుకంటే బ్యాక్టీరియా జీనోమ్‌లు తవ్వేకొద్దీ కొత్త కత్తెరలు దొరుకుతూనే ఉన్నాయి. దొరకనిది పొద్దున ఆరింటికి మడి గట్టు మీద నిలబడి టెన్షియోమీటర్ చదివే మనిషి.

ఆ మనుషుల చేతి పనే సాంబ మసూరి, 1986. ఎంటీయూ 1010, 2000. బాపట్ల, మార్టేరు మడుల్లో ఏళ్ల తరబడి దుబ్బులు ఎంచినవాళ్లు లేకపోతే ఈనాటి కత్తెరకు కోయడానికి గుడ్డే లేదు. అలాంటి కేంద్రాలకు వాన పడకుండా కాపాడే కదిలే షెడ్లు, ఊట ఆపే గట్లు, తూకానికి మనుషులు కావాలి. ఇవేవీ ప్రారంభోత్సవంలో రిబ్బను కత్తిరించడానికి పనికిరావు కాబట్టి ఎవరికీ గుర్తురావు.

పూసా డీఎస్‌టీని మన రెండు రాష్ట్రాలకూ సిఫారసు చేశారు. నాగాయలంక వైపు చౌడు మడుల్లో వేయండి, బాగుంటే సంతోషం. కానీ మహబూబ్‌నగర్ రైతుకు అదే సంచి అమ్మేముందు దాని మీద మూడు అంకెలు అచ్చువేయాలి: నిండు నీటి మడిలో హెక్టారుకు ఎన్ని టన్నులు, పొట్ట దశలో నీళ్లు తీసేసిన మడిలో ఎన్ని, అదే మడిలో పాత ఎంటీయూ 1010కి ఎన్ని. ఆ మూడూ లేనంత కాలం సంచి మీద చౌడు అని రాయండి, బెట్ట అన్న మాట తీసేయండి.