బెలూన్ ప్రయోగంలో బరువు ఎందుకు తగ్గుతుంది

రసాయన చర్యలో మొత్తం ద్రవ్యరాశి మారదని చూపడానికి శ్రీకాకుళం బడిలో వంటసోడా, వెనిగర్, బెలూన్‌తో చేసిన ప్రయోగంలో తూకం అర గ్రాము పైన తగ్గిందని, బెలూన్ మూతి దగ్గర గ్యాస్ కారిపోవడమే దానికి కారణమని ఒక వ్యాసంలో రాశారు. కారకపోయినా తగ్గుతుందండీ! 2 గ్రాముల సోడాకి సుమారు 1 గ్రాము కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. బెలూన్ దాదాపు అర లీటరు ఉబ్బుతుంది. అంతమేర గాలిని పక్కకి నెడుతుంది కాబట్టి గాలి దాన్ని 0.6 గ్రాముల మేర పైకి ఎత్తుతుంది. ద్రవ్యరాశి ఎక్కడికీ పోలేదు, తూకం చూపించేదే తగ్గింది. పిల్లలకి ఈ తేడా చెప్పకపోతే ద్రవ్యరాశి మారదన్న నియమమే తప్పనుకుంటారు.

బెలూన్ మానేసి లీటరు కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసా తీసుకోండి (గాజుది వద్దు, పేలొచ్చు). 50 మిల్లీలీటర్ల వెనిగర్ పోసి, 2 గ్రాముల సోడాని టిష్యూ కాగితంలో చుట్టి మెడలో ఇరికించి, మూత గట్టిగా బిగించి తూచండి. తర్వాత వంచి కలపండి. పొంగు ఆగాక, సీసా చల్లదనం పోయాక మళ్లీ తూచండి. సీసా బెలూన్‌లా ఉబ్బదు కాబట్టి అంకె మారదు. ఇప్పుడు మూత వదులు చేయండి, బుస్సుమంటూ అర గ్రాముకి పైనే పోతుంది.

వంటింటి కాటా 1 గ్రాము కంటే చిన్న తేడా పట్టదు. బంగారం కొట్లలో వాడే 0.01 గ్రాము కాటా కావాలి. ఫ్యాను ఆపేయండి, సీసా బయట చెమ్మ తుడవండి.