ట్రిప్సిన్ గారికి ఒక మొర

ప్రొటీన్లను కోసే ఎంజైమ్, మహారాజశ్రీ పంది ట్రిప్సిన్ గారి సముఖానికి,

తమరికి నిన్న అప్పజెప్పిన పని చిన్నదే. కొండచిలువ క్లోమం నుంచి తీసిన ప్రొటీన్‌ను లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాల తర్వాత కోసి, పెప్టైడ్‌లనే చిన్న ముక్కలుగా చేసిపెట్టాలి. (పక్కన ప్రోలిన్ ఉంటే తమరు అలిగి కూర్చుంటారు, అది మామూలే.) ప్రొటీన్‌లోని సల్ఫర్ బంధాలను విప్పే డీటీటీతో 56 డిగ్రీల దగ్గర అరగంట, అవి మళ్లీ ముడిపడకుండా చేసే అయోడోఅసిటమైడ్‌తో చీకట్లో మరో అరగంట, ఆపైన తమరి కోసం 8 పీహెచ్, 37 డిగ్రీలు. 50 పాళ్ల ప్రొటీన్‌కు 1 పాలు తమరు, రాత్రంతా. కొత్తల్లుడికీ ఇన్ని మర్యాదలుండవు.

పొద్దున ముక్కల బరువులు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్ గీసిన స్పెక్ట్రమ్ తెరిస్తే అందరికన్నా ఎత్తుగా నిలబడ్డవి 842.51, 2211.10 బరువుల పీక్‌లు. రెండూ తమరి ముక్కలే! తనను తాను కోసుకోకుండా లైసిన్‌లకు మిథైల్ తొడుగు వేసిన ఖరీదైన సరుకు కూడా తనను తానే కోసుకుంది.

పోనీ, ఆ రెండు పీక్‌లతో యంత్రాన్ని సరిచూసుకోవచ్చు. కడుపు మండేది వేరే చోట. కొండచిలువ క్లోమంలో ఉన్నదీ ట్రిప్సినే, తమరి దాయాది. వంశాలు విడిపోయి 30 కోట్ల ఏళ్లు దాటినా, కోత పని చేసే 195వ సెరీన్ చుట్టూ గ్లైసిన్-ఆస్పార్టేట్-సెరీన్-గ్లైసిన్-గ్లైసిన్-ప్రోలిన్ వరస మీ ఇద్దరిలో ఒక్కటే. రెండింటికీ సరిపోయే పెప్టైడ్ దొరికితే సాఫ్ట్‌వేర్ తమరి పేరు చూసి దాన్ని కలుషితాల జాబితాలో పడేస్తుంది. నెలల తరబడి పస్తుండి, ఎలుకను మింగిన రెండు రోజుల్లో పేగు బరువు రెట్టింపు చేసుకునే జీవి కొండచిలువ. దాని జీనోమ్ (మొత్తం జన్యువుల పటం) 2013లోనే వచ్చింది. అందులోని ట్రిప్సిన్ జన్యువుల్లో క్లోమం నిజంగా ఏది వండుతోందో చెప్పాల్సింది ఈ పెప్టైడ్‌లే. ఆ సాక్షులే చెత్తబుట్టలో ఉన్నారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటే ఇదే కాబోలు.

లూసిన్, ఐసోలూసిన్‌లు రెండూ 113.084 బరువుతో కవలల్లా తిరగడం, చేతి చర్మం నుంచి కెరాటిన్ రాలిపడటం, క్లోమాన్ని నూరేటప్పుడు పోసిన పీఎంఎస్ఎఫ్ (ట్రిప్సిన్ లాంటి ఎంజైమ్‌లను ఆపే రసాయనం) మిగిలిపోయి తమరి నోరే కట్టేయడం, ఇవన్నీ తమరి ఖాతాలో రాయడం లేదు.

కానీ విను, ఇక మర్యాదలు చాలు. ఈసారి నిన్నొక్కదాన్నే వేసిన ట్యూబు పక్కన ఉంటుంది. అందులో లేని పెప్టైడే కొండచిలువది. శాంపిల్‌లో సగం గ్లూటమేట్ దగ్గర కోసే మరో ఎంజైమ్ గ్లూ-సీకి పోతుంది, ఆ ట్యూబులో నీ నీడ కూడా పడదు. మిగతా సగం నీకే. ఏం చేస్తాం, 20 మైక్రోగ్రాముల సీసా అడుగున ఉందో లేదో తెలియని ఆ తెల్లటి పొర అంత శుభ్రంగా కోసేది మరొకటి లేదు. నాలుగు గంటలే ఇస్తాం. ఆ తర్వాత నీ కోత ఆపే ఫార్మిక్ యాసిడ్.