అమ్మవారి బంపరు

కోనసీమలో శ్రావణమాసపు గాలిని పిండితే నీళ్లు కారతాయి. సరిగ్గా అటువంటి గాలిలోనే, ప్లాస్టిక్ పలకలు కోసి అతికించి తాను తయారుచేసిన అంబాసిడర్ కారు నమూనాకు క్రోము మెరుపు తెప్పించాలని మా బావగారు సంకల్పించారు. ఆ నమూనా అసలు కారులో 24వ వంతు. పొడవు సుమారు 18 సెంటీమీటర్లు. 2014లో తయారీ ఆగిపోయిన ఆ కారు ఒకప్పుడు వారి నాన్నగారికి ఉండేది. దాని బంపరులో చూసుకుంటూ తల దువ్వుకుని బడికి వెళ్లిన మనిషి కనుక, కారు రంగు అటూ ఇటూ అయినా సరిపెట్టుకుంటారు గాని, బంపరులో ముఖం కనపడకపోతే మాత్రం ఒప్పుకోరు.

భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఆయన దగ్గర, ఒక్క బంపరు సంగతి అడిగినవారికి పాఠం మొత్తం వినక తప్పదు. అసలు కారు బంపరు మీద మెరుపులో అధిక భాగం అడుగున ఉన్న నికెల్‌దనీ, పైన ఉండే క్రోమియం పొర మైక్రాను, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, మందం కూడా ఉండదనీ, అది కేవలం కాపలా కాస్తుందనీ చెబుతారు. పిల్లల బొమ్మ కార్ల మీది మెరుపు క్రోమియం కానే కాదు. శూన్యంలో అల్యూమినియాన్ని ఆవిరి చేసి ప్లాస్టిక్ మీద పట్టించిన పొర. ఇంట్లో ఈ రెండూ కుదరవు కాబట్టి, అల్యూమినియం రేణువులు కలిసిన రంగును పిచికారీ చేయడమే దారి. దానికి ముందు నల్లరంగు వేయాలి. వెండి మెరుపుకు నలుపు పునాది ఏమిటని నేను నవ్వాను గాని, నున్నని నలుపు మీద ఆ రేణువులు బల్లపరుపుగా పడుకుంటేనే కాంతి ఒకే దిక్కుకు తిరిగి వస్తుందట. అడుగు గరుకుగా ఉన్నా, రంగు మందంగా పడినా రేణువులు ఎగుడుదిగుడుగా పేరుకుని, క్రోము కావలసినది కాస్తా సత్తుగిన్నె రంగుకు దిగిపోతుందట.

వాసనకు అక్క ఇంట్లోంచి గెంటేయడంతో, ఈ యజ్ఞమంతా కొబ్బరితోటలోని కొట్టుగదిలో జరిగింది. మొదటిసారి వేసిన నల్లరంగు మీద పాలు ఒలికినట్టు తెల్లని పొర కమ్మింది. రంగులోని ద్రావకం త్వరగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. అప్పుడు గాలిలోని తేమ అక్కడ నీరుగా మారి రంగులో చిక్కుకుంటుంది. కారణం తెలిసినందువల్ల బావగారికి కలిగిన ఊరట ఏమీ లేదు. ఆ రంగంతా కడిగేసి, కంప్రెసరు గొట్టానికి నీటిని పట్టే చిన్న బుడ్డి తగిలించి, వాన వెలిసి ఎండ కాసిన ఒక మధ్యాహ్నం మళ్లీ మొదలుపెట్టి, చదరపు అంగుళానికి 12 నుంచి 15 పౌండ్ల గాలి ఒత్తిడితో పలుచగా, ఆగి ఆగి కొట్టారు. ఈసారి బంపరులో ఆయన మీసంతో సహా కనిపించింది.

అయితే ఈ క్రోము మడి కట్టుకున్న అత్తగారి వంటిది. దూరం నుంచి దణ్ణం పెట్టవలసిందే గాని, వేలు తగిలితే మైల. చేతి జిడ్డుకే రేణువులు లేచి వస్తాయి. కాపాడటానికి పైన వార్నిషు వేద్దామంటే, ఘాటైన ద్రావకం ఉన్నదైతే అది అడుగు పొరను కదిలించి మెరుపును చంపుతుంది. ఇంట్లో మనవలున్నారు, వారికి వేళ్లున్నాయి. అందుచేత బావగారు రాజీపడి, నీటితో కలిసే అక్రిలిక్ వార్నిషును అతి పలుచగా వేశారు. మెరుపు కొంచెం మందగించింది. ముఖం కనపడుతోంది గాని జ్వరం వచ్చిన ముఖంలా ఉందని ఆయనే అన్నారు.

ఆ తరువాత ఆయన చేసిన ఆలోచనలో తర్కదోషం ఒక్కటి కూడా లేదని నేటికీ నా అభిప్రాయం. కొట్టుగదిలో కొబ్బరిపీచు దుమ్ము, వసారాలో మనవలు, వంటింట్లో పోపు పొగ. ఇంటి మొత్తానికి తలుపు వేసి ఉండేదీ, స్నానం చేయనివారు అడుగు పెట్టనిదీ, పిల్లలు చేయి వేయడానికి భయపడేదీ దేవుడి గది ఒక్కటే. బంపరును, నాలుగు చక్రాల మూతలను స్టీలు పళ్లెంలో పెట్టి, మందసం పక్కన ఆరబెట్టి, ఆయన నిశ్చింతగా కాకినాడ పెళ్లికి వెళ్లారు. మరునాడు వరలక్ష్మీ వ్రతమన్న సంగతి మాత్రం ఆ తర్కంలోకి రాలేదు.

గురువారం నాడు వెండి సామాను తోమడానికి కూర్చున్న అక్కకు ఆ పళ్లెం కనిపించింది. చక్రాల మూతలు పూజకు వాడే వెండి పువ్వుల్లా ఉన్నాయి. బంపరు మాత్రం, కలశానికి ముందువైపు చుట్టడానికి సరిగ్గా సరిపోయే కొలతతో, కొద్దిగా వంపు తిరిగి, మధ్యలో రెండు చిన్న కొమ్ములతో, అచ్చంగా అమ్మవారి వడ్డాణమే. నేను ఆ ఉదయమే వ్రతానికని వెళ్లాను. నన్ను చూడగానే అక్క కళ్లు చెమర్చాయి.

"మీ బావగారు నోటితో చెప్పే మనిషి కాదురా! చెప్పకుండా తెచ్చి అమ్మవారి దగ్గర పెట్టి వెళ్లారు," అంది.

తేలికగా ఉందేమిటని ఆవిడకూ అనుమానం రాకపోలేదు. పలుచని రేకుతో చేసిన బోలు పని అని తనకు తానే సమాధానం చెప్పుకుంది. మెరుపు మందగించి ఉండటం మాత్రం నచ్చలేదు. వెండి మందగిస్తే మన ఇళ్లలో చేసేదేమిటో అదే చేసింది: విభూతి అద్ది, తడిగుడ్డతో తోమింది. గుడ్డకు నల్లగా అంటుకుంటుంటే, ఎంత మురికి పట్టిందో అనుకుని ఇంకా గట్టిగా తోమింది. తోమగా తోమగా వడ్డాణమే నల్లగా తేలింది.

మొగుణ్ని ఎవరో మోసం చేశారన్న బాధతో, ఆ నల్లని వస్తువును చేతిరుమాలులో కట్టి, నన్ను వెంటబెట్టుకుని అక్క కంసాలి దగ్గరకు నడిచింది. ఆయన దాన్ని కాటాలో వేశాడు, తీశాడు, గీటురాయి మీద గీశాడు, కళ్లద్దాలు సర్దుకుని వెనక్కి తిప్పి చూశాడు.

"అమ్మగారూ, ఇది వెండి కాదండి, ప్లాస్టిక్కండి. ఏదో కారు బంపరులాగుందండి. ఆయ్, ఇక్కడ నంబరు ప్లేటుకి చోటు కూడా ఒదిలారండి," అన్నాడు.

రాత్రి బావగారు తిరిగి వచ్చాక జరిగిన సంభాషణలో ఎవరి గొంతు ఎక్కువగా వినిపించిందో చెప్పనక్కరలేదు. "వడ్డాణమనుకుని నలుగురికీ ఫోన్లు చేసి చెప్పేశానండీ! ఇప్పుడేమంటారు?" అన్న ప్రశ్నకు భౌతికశాస్త్రంలో జవాబు లేదు. మర్నాడు వ్రతం వడ్డాణం లేకుండానే జరిగింది. బావగారు రంగులకు దణ్ణం పెట్టి, నమూనాలకు వాడే జిగురు పూసిన పలుచని అల్యూమినియం రేకును బంపరుకు అతికించి, దూదిపుల్లతో రుద్ది నునుపు చేశారు. అది లోహమే కనుక వేలు తగిలినంత మాత్రాన పాడుకాదు; నన్నడిగితే మనవలున్న ఇంటికి అదే మేలు.

వడ్డాణం మాట మాత్రం రేకుతో తీరలేదు. కొలత కావాలని కంసాలి అడిగితే అక్క ఆ పాత బంపరునే ఆదిగా ఇచ్చి వచ్చింది. తరువాతి శుక్రవారానికి అచ్చమైన వెండితో, అదే వంపుతో, రెండు కొమ్ములతో, నంబరు ప్లేటు చోటులో లక్ష్మీదేవి కాసుతో వడ్డాణం తయారై వచ్చింది. డబ్బు చెల్లించిన బావగారు దాన్ని అటూ ఇటూ తిప్పి, అందులో తన మీసం చూసుకుని, ఒక్క పూట కారుకు తగిలించి ఫొటో తీసుకుంటానని ప్రాధేయపడ్డారు.

"ముందు పూజ కానివ్వండి. ఉద్వాసన చెప్పాక చూద్దాం," అంది అక్క.