మినహాయింపు రోజుల లెక్క ఎవరు చెప్తారు?

మారుమూల పల్లెకో, చుట్టూ నీళ్లున్న ద్వీపానికో ప్రభుత్వ సేవ ఎందుకు అందలేదని అడగండి, ఏ దేశంలోనైనా దాదాపు ఇవే జవాబులు వస్తాయి. వాతావరణం బాలేదు. దారి బాలేదు. స్టాఫ్ లేరు, ఉన్నవాళ్లు మీటింగుకి వెళ్లారు. మీ దగ్గర జనాభా తక్కువ, అంత ఖర్చు పెట్టలేం. ఇవి అబద్ధాలైతే పట్టుకోవడం తేలికయ్యేది. చిక్కేమిటంటే, విడివిడిగా చూస్తే చాలాసార్లు ఇవి నిజాలే. అన్నీ కలిపి ఏడాది చివర లెక్కేస్తే మాత్రం ఆ ఊరికి సేవ అందిన రోజులకంటే అందని రోజులే ఎక్కువ తేలొచ్చు, అయినా ఫైల్లో ఎక్కడా తప్పు కనపడదు, ఎవరికీ మెమో వెళ్లదు, ఎవరి జీతమూ ఆగదు.

నాకు కోపం అక్కడే. జవాబుదారీతనం అనగానే కొత్త చట్టం కావాలి, కొత్త యాప్ కావాలి, కొత్త కమిటీ కావాలి అంటారు. నేననేది వేరే. ఉన్న లెక్కల్లోనే 'మినహాయింపు' అని ఒక గడి ఉంటుంది, సేవ అందకపోయినా తప్పు కింద లెక్కించని రోజులన్నీ అందులో వేస్తారు. మారుమూల ప్రాంతాల సేవలన్నీ ఆ గడిలోకి జారిపోతున్నాయి, అందులో ఎన్ని రోజులు పడ్డాయో, ఎవరు వేశారో అడిగేవాళ్లు లేరు.

రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాలో జరిగిన సంగతి చూడండి. పల్లెల్లోని ఆరోగ్య ఉపకేంద్రాలకు నర్సులు సరిగ్గా రావడం లేదని 2006లో ఒక పద్ధతి పెట్టారు. సేవా మందిర్ అనే స్వచ్ఛంద సంస్థ, జిల్లా ఆరోగ్య యంత్రాంగం కలిసి చేసిన పని అది. తేదీ, టైము ముద్రించే ఒక చిన్న మెషిన్ ఇచ్చారు, నిర్ణయించిన రోజున నర్సు కేంద్రంలో ఉండి రిజిస్టర్ మీద పొద్దున ఒకసారి, మధ్యలో ఒకసారి, సాయంత్రం వెళ్లేముందు ఒకసారి ముద్ర వేయాలి. ఆ ముద్రలు స్వచ్ఛంద సంస్థ లెక్కగట్టి ప్రభుత్వానికి ఇస్తుంది, మరీ ఎక్కువ రోజులు రాకపోతే నర్సు జీతంలో కోత పడుతుంది. మొదటి కొన్ని నెలలు బ్రహ్మాండంగా పనిచేసింది. ఈ పద్ధతి లేని కేంద్రాలతో పోలిస్తే హాజరు దాదాపు రెట్టింపయింది. ఆ తర్వాత నెమ్మదిగా 'మినహాయింపు రోజులు' పెరగడం మొదలైంది. ఈ రోజు మీటింగు ఉంది, ఈ రోజు సర్వే డ్యూటీ ఉంది, ఇలా. వాటిని సరేనంటూ పోయింది స్థానిక ఆరోగ్య యంత్రాంగమే. ఏడాదిన్నర తిరిగేసరికి ఆ పద్ధతి ఉన్న కేంద్రాలకీ లేనివాటికీ తేడా లేకుండా పోయింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్ 2008లో దీని మీద పేపర్ రాశారు. కాగితం మీద ఎవరూ నియమం తప్పలేదన్నది గుర్తుపెట్టుకోండి. గైర్హాజరు అని రాయాల్సిన చోట మినహాయింపు అని రాశారు, అంతే. కేంద్రం తలుపు తాళం మాత్రం ఎప్పటిలాగే ఉంది, ఆ గుమ్మం దాకా నడిచొచ్చిన గర్భిణికి ఈ రెండు మాటల మధ్య తేడా ఏముంటుంది?

ఇదేదో మన దగ్గరి జబ్బు అనుకుని వదిలేయకండి. స్కాట్లాండ్ పడమటి తీరంలోని ద్వీపాలకు ఫెర్రీలే దిక్కు, వాటిని నడిపేది ప్రభుత్వ సంస్థే. వాటి పనితీరు లెక్కల్లో రెండు రకాల శాతాలుంటాయి. ఒకటి నిజంగా ఎన్ని ట్రిప్పులు నడిచాయన్నది. రెండోది కాంట్రాక్టు ప్రకారం లెక్కగట్టేది, అందులో గాలివాన వల్లో, ఒప్పందంలో రాసుకున్న ఇతర కారణాల వల్లో రద్దయిన ట్రిప్పుల్ని వైఫల్యం కింద వేయరు. అందుకే రెండో అంకె ఎప్పుడూ మొదటిదానికంటే అందంగా ఉంటుంది. గాలివానలో ఓడ తీయమని ఎవరూ అడగరు, కెప్టెన్ వద్దంటే వద్దు, అందులో వాదన లేదు. కానీ ముసలి ఓడలు చిన్న అలకే ఆగిపోతుంటే, చెడిపోయినప్పుడు బదులు పెట్టడానికి ఇంకో ఓడ లేకపోతే, ఆ తప్పు ఆకాశం మీదికి నెట్టేయడం న్యాయం కాదు కదా. 2023 జూన్‌లో సౌత్ యూయిస్ట్ ద్వీపానికి దాదాపు నెలంతా ఓడ నడపకుండా దాన్ని ఇంకో రూటుకి వాడుకున్నారు. లాక్‌బోయిస్‌డేల్ రేవు దగ్గర వందలాది మంది చేరి నిరసన చెప్పారు. ఒక చిన్న ద్వీపంలో వందలాది మంది పని మానుకుని రేవు దగ్గర నిలబడ్డారంటే ఎంత విసిగిపోయుంటారో ఆలోచించండి.

అదే ద్వీపాల కోసం 2015లో రెండు కొత్త ఓడలకు ఆర్డర్ ఇచ్చారు, రెంటికీ కలిపి 9.7 కోట్ల పౌండ్లు, మొదటిది 2018లో రావాలి. 2017 నవంబరులో అప్పటి ఫస్ట్ మినిస్టర్ (స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత) నికోలా స్టర్జన్ చేతుల మీదుగా మొదటి ఓడ గ్లెన్ సానాక్స్‌ని నీళ్లలోకి దించారు. ఆ రోజుకి దాని బ్రిడ్జికి, అంటే ఓడని నడిపే గదికి, కిటికీలు బిగించలేదు, కిటికీలున్నట్టు నల్ల రంగు పూశారు. పొగగొట్టాలు కూడా అసలువి కావు. ఓడలు కట్టే యార్డు దివాలా తీసింది, 2019లో ప్రభుత్వం దాన్ని తీసుకుంది, ఖర్చు అనుకున్నదానికి ఎన్నో రెట్లు పెరిగింది, ఆ ఓడ ప్రయాణికుల్ని ఎక్కించుకున్నది 2025 జనవరిలో. రెండోది 2025 ముగిసినా రాలేదు. 2022 మార్చిలో అక్కడి ప్రభుత్వ ఖర్చుల్ని తనిఖీ చేసే ఆడిట్ స్కాట్లాండ్ ఇచ్చిన రిపోర్టులో నన్ను అన్నిటికంటే కదిలించింది డబ్బు లెక్క కాదు. ఆ కాంట్రాక్టులో రిస్క్ ఉందని తెలిసి కూడా మంత్రులు ఎందుకు సరేనన్నారో చూపించే కాగితాలు చాలినన్ని లేవని అందులో రాశారు. నర్సు రోజుకి మూడుసార్లు ముద్ర వేయాలి, కోట్ల పౌండ్ల నిర్ణయానికి మాత్రం కారణం రాసి పెట్టనక్కర్లేదు!

ఇక 'తలసరి ఖర్చు' వాదన. ఇది చదువుకున్నవాళ్లు కూడా తెగ వాడతారు. వందమంది ఉన్న ద్వీపానికి ఓడ ఎందుకు, ఇరవై మంది పిల్లలున్న బడికి ఇద్దరు టీచర్లు ఎందుకు, వాళ్లనే టౌనుకి వచ్చేయమంటే పోలా అని. ప్రభుత్వానికి డబ్బు పరిమితమే, ఒప్పుకుంటాను. ప్రతి ఊళ్లో పెద్దాసుపత్రి కట్టమని అడిగేవాళ్లెవరూ లేరు కూడా. ఒక సేవ ఇవ్వలేమనుకుంటే ఆ మాట నేరుగా చెప్పాలి, ఎవరు నిర్ణయించారో సంతకం పెట్టి చెప్పాలి, జనం దాన్ని ప్రశ్నిస్తారు, ఎన్నికల్లో తేల్చుకుంటారు. జరిగేది అది కాదు. సేవ ఉందని రికార్డులో ఉంచుతారు, పోస్టు మంజూరైందంటారు, బిల్డింగుకి రంగు వేస్తారు, బోర్డు కడతారు, మనిషిని మాత్రం పంపరు. మూసేశామని చెప్తే గొడవవుతుంది, అందుకే మూయకుండానే మూసేస్తారు. అప్పుడు జనం దేని మీద పోరాడాలి? లేని నిర్ణయం మీద ఎవరైనా ఎలా అప్పీలు చేసుకుంటారు?

పైగా దూరం పెరిగేకొద్దీ ఈ జబ్బు ముదురుతుంది. బంగ్లాదేశ్‌లో 2000ల తొలినాళ్లలో చెప్పాపెట్టకుండా తనిఖీకి వెళ్లి చూస్తే పెద్ద క్లినిక్కుల్లో డాక్టర్ల గైర్హాజరు 40 శాతం తేలింది, ఒకే డాక్టరుండే చిన్న ఉపకేంద్రాల్లో 74 శాతం. ఆ ఒక్కరూ రాకపోతే అక్కడ ఇంకెవరూ లేరు. పట్నంలో ఒక బస్సు తప్పితే ఇంకోటి వస్తుంది, ఒక ఆసుపత్రిలో డాక్టరు లేకపోతే పక్క వీధిలో ఉంటాడు. ద్వీపంలో ఒక ఓడ రద్దయితే నెలల ముందు దొరికిన స్కానింగ్ అపాయింట్‌మెంట్ పోతుంది, చేపలు కుళ్లిపోతాయి, పరీక్ష రాయాల్సిన పిల్ల ఒడ్డున నిలబడిపోతుంది. రిపోర్టులో దాన్ని 'ఒక ట్రిప్పు రద్దు' అని రాసుకుంటారు.

సరే, మరి ప్రజలే నిలదీయాలి, చైతన్యం రావాలి అంటారు. ఈ మాట వింటే నాకు రెండో కోపం. పొద్దున లేస్తే నీళ్ల కోసం, పని కోసం తిరిగేవాళ్ల నెత్తిన ప్రభుత్వాన్ని కాపలా కాసే ఉద్యోగం కూడా పెడతారా, అదీ జీతం లేకుండా? ఇండోనేషియాలో బెంజమిన్ ఓల్కెన్ అనే ఆర్థికవేత్త 600కి పైగా ఊళ్లలో రోడ్డు పనుల మీద దీన్ని పరీక్షించి 2007లో అచ్చువేశాడు. వేసిన రోడ్డుని ఇంజినీర్లు తవ్వి, నిజంగా ఎంత కంకర పడింది, లెక్కల్లో ఎంత రాశారు అని కొలిచారు. ఊరివాళ్లని మీటింగులకు ఎక్కువమందిని పిలిస్తే మాయమయ్యే డబ్బు సగటున పెద్దగా తగ్గలేదు. కానీ ప్రభుత్వ ఆడిట్ ఖాయంగా జరుగుతుందని ముందే చెప్పిన ఊళ్లలో 8 శాతం పాయింట్లు తగ్గింది. ఆడిట్‌లో తేలింది ఊరందరి ముందు మీటింగులో చదివారన్నది కూడా ఇక్కడ ముఖ్యం.

అంటే పైనుంచి తనిఖీ, కింద బహిరంగంగా చదవడం, రెండూ కావాలి. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్ కిరానాలో కూలీలు, రైతుల సంఘం మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ మొదటి జన్ సున్వాయి (బహిరంగ విచారణ సభ) పెట్టినప్పుడు చేసింది కూడా ఇదే. మస్టర్లలో పేర్లు, కూలి లెక్కలు గట్టిగా చదివి వినిపించారు, ఆ పేర్లవాళ్లు అక్కడే కూర్చుని ఉన్నారు. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టానికి అలాంటి సభలే పునాది. ఆ చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం ఎవరూ అడగకముందే చాలా వివరాలు ప్రభుత్వ కార్యాలయాలే బయటపెట్టాలి, ఇది చాలామందికి గుర్తుండదు. ఉపాధి హామీకి తెలుగు నేల మీద సామాజిక తనిఖీ పెద్ద ఎత్తున జరిగింది, ప్రజావేదికల్లో తప్పులు బయటపడ్డాయి. బయటపడ్డాక డబ్బు తిరిగి రాబట్టడం, చర్య తీసుకోవడం దగ్గర బండి ఆగిపోతూ వచ్చింది. ఊరివాళ్లు తమ వంతు చేశారు, పై వంతు మిగిలిపోయింది.

ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి పోస్టు పెడితే కామెంట్లలో అందరూ ఫీల్డ్ స్టాఫ్ మీద పడతారు. దయచేసి ఆ పని చేయొద్దు. ఆ నర్సుకి నిజంగానే నెలలో చాలా రోజులు మీటింగులు, సర్వేలు, రిపోర్టులు ఉంటాయి. ఒక్క మనిషికి మూడు ఊళ్ల ఇన్‌ఛార్జ్ ఇస్తారు, ఉండటానికి క్వార్టర్ ఉండదు, బదిలీ అడిగితే ఏళ్లు పడుతుంది. మినహాయింపు గడిలో పడిన రోజుల్లో సగం పైవాళ్లు పిలిపించుకున్నవే అయితే, ఆ సగం లెక్క పైవాళ్ల ఖాతాలో పడాలి. అందుకే ఆ గడిని తెరవమంటున్నాను. తెరిస్తే ఆ నర్సుకి కూడా న్యాయం జరుగుతుంది, ఎన్ని రోజులు ఆమె రాలేదో, ఎన్ని రోజులు ఆమెని రానివ్వలేదో విడివిడిగా తేలుతుంది.

స్కాట్లాండ్ 2018లో ద్వీపాల కోసం ప్రత్యేకంగా చట్టం చేసింది, ఒక విధానం వల్ల ద్వీపాలవాళ్ల మీద వేరే రకంగా భారం పడేలా ఉంటే ముందే అంచనా వేసి రాయాలని. మంచిదే. కానీ ముందు వేసిన అంచనాని తర్వాత జరిగినదానితో పక్కపక్కన పెట్టి చూపించేది ఎవరు? జరిగినదాని లెక్కలో మినహాయింపులు తీసేసి చూపిస్తే అంచనా ఎప్పుడూ నిజమైనట్టే కనపడుతుంది.

నేను అడిగేది చాలా చిన్నది. రేవు దగ్గరైనా, ఉపకేంద్రం గోడ మీదైనా, బడి గేటు పక్కనైనా ప్రతి నెలా ఒక కాగితం అంటించండి. ఈ నెల సేవ అందాల్సిన రోజులెన్ని, అందినవెన్ని, అందని ప్రతి రోజుకీ కారణం ఏమిటి, ఆ కారణాన్ని ఒప్పుకున్న అధికారి హోదా ఏమిటి. శాతాలు వద్దు, రోజులు రాయండి. గాలివాన రోజులు కూడా రాయండి, దాచొద్దు, ఎందుకంటే ఏటా అవే నెలల్లో అన్ని రోజులు పోతున్నాయని తెలిస్తేనే ఇంకో ఓడ కావాలనో, అక్కడే మందుల నిల్వ ఉండాలనో అడగడానికి ఆధారం దొరుకుతుంది. వరసగా మూడు నెలలు మినహాయింపులు ఒక హద్దు దాటితే వాటిని ఒప్పుకున్న అధికారి ఆ ఊరికే వచ్చి, ఆ ఊరివాళ్ల ముందే జవాబు చెప్పాలి. జూమ్‌లో కాదు. వచ్చేది ఆ ఊరివాళ్లు ఎక్కే ఓడలోనే, ఆ బస్సులోనే.

మీ వైపు ఇలాంటి కాగితం ఎక్కడైనా అంటిస్తున్నారా, అడిగినా ఇవ్వడం లేదా, కామెంట్లలో చెప్పండి. ఉద్యోగుల పేర్లు మాత్రం రాయకండి. ఏ సేవ, ఏ నెల, ఎన్ని రోజులు, ఏ కారణం చెప్పారు, అవి రాయండి చాలు.